నాలుగింటికి వెళ్లిన మాట

ఫిబ్రవరి 2, సోమవారం

దీపం పెట్టి కూర్చున్నాను. ఈ రోజుకి ఒక్కటే విశేషం.

మా బెల్లం కొట్టు ఆఫీసులో మాటలన్నీ ఏడాదిగా యాప్‌లోనే నడుస్తున్నాయి — లోడు వెళ్లిందా, బిల్లు అయిందా, ఎవరికి సెలవు. అందులో మా చిన్న యజమాని కిరణ్ బాబు కొత్తది ఒకటి పెట్టించాడు. మెసేజ్ ఇప్పుడే రాసుకుని, ఎప్పుడు వెళ్లాలో టైము పెట్టుకోవచ్చు. ఆ టైముకి అదే వెళ్తుందిట. మనం అక్కడ కూర్చోనక్కర్లేదు.

ముందు నన్ను వాడి చూడమన్నాడు. "బాగుంటే అందరికీ పెడదాం. పనికిరాకపోతే పనికిరాదనే చెప్పేయండి రత్నం గారూ."

నేనెందుకు, కుర్రాళ్లు ఉన్నారు కదా అన్నాను.

"కుర్రాళ్లు నాకు నచ్చే మాట చెబుతారండీ. మీరు ఉన్నది ఉన్నట్టు చెబుతారు."

పొడి మాటే. అయినా ఇంటికి నడిచి వస్తుంటే రెండుసార్లు గుర్తొచ్చింది. బాగానే అనిపించింది. ఇక్కడ రాసుకోవడం కూడా అందుకేనేమో.

ఫిబ్రవరి 3, మంగళవారం

మొదటి పరీక్ష మా చెల్లెలు పద్మ మీదే. నా ఎదురు బల్ల దానిది. లారీల లోడింగు అంతా అదే చూస్తుంది. "టీ తాగేవా" అని రాసి, పదకొండుకి పెట్టి, నా బిల్లుల్లో పడ్డాను.

పదకొండుకి దాని ఫోను మోగింది. ఫోను చూసింది. నన్ను చూసింది. మళ్లీ ఫోను చూసింది.

"ఏటక్కా ఇది? మూరెడు దూరంలో కూసుని మెసేజెట్టేవు? నోరు నొప్పేటి?"

అందరూ నవ్వేరు. రమేష్ అయితే — "అక్కాచెల్లెళ్లకి కూడా అపాయింట్‌మెంటు ఉండాలండి ఇకనుంచి" అన్నాడు. లోడింగులో పద్మకి జోడీ వాడే. ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటాడు.

పని చేస్తోంది. అటూ ఇటూ లేదు. చెప్పిన టైముకే.

ఫిబ్రవరి 4, బుధవారం

పెద్ద శెట్టిగారు వచ్చి కొడుకు కిరణ్ బాబు పక్కన కూర్చున్నారు. కొత్తది ఏమిటో చూపించమన్నారు.

వర్జ్యంలో రేటు చెప్పకపోవడం ఈ కొట్టు పుట్టిన దగ్గరనుంచీ ఉన్న పద్ధతి. ఒరిస్సా నుంచి పార్టీ ఫోను చేసినా సరే, "కాసేపాగి చెబుతాం" — అంతే. ఒకప్పుడు రేటు చీటీ రాసి తూకపురాయి కింద పెట్టేదాన్ని. వర్జ్యం దాటాక రాయి తీసి, చీటీ చూసి, ఫోనులో చదివేదాన్ని. చెయ్యి వేస్తే తప్ప చీటీ కదిలేది కాదు.

ఈ రోజు వర్జ్యంలోనే రేటు రాసి, దాటాక వెళ్లేట్టు పెట్టి చూపించాను. వెళ్లింది. అవతలివాళ్లు "సరే" అని జవాబు కూడా ఇచ్చారు.

పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకున్నారు. "ఓరి! యంత్రానికి పంచాంగం నేర్పేసేరేటమ్మా?"

"దానికేం తెలీదు నాన్నా. టైము పెట్టేది రత్నం గారే."

"మరింకేటి. రత్నానికి తెలిసినంత పంచాంగం పంతులుకే తెల్దు."

కిరణ్ బాబు కోసం ఒక మాట రాసి పెట్టుకున్నాను. మన కొట్టుకి ఇది పనికొస్తుంది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పొద్దున్న నూకాలమ్మ గుడి. జనం పలచగా ఉన్నారు. అమ్మ ముఖం నిండా పసుపు. అక్కడినుంచే ఆఫీసుకి.

అచ్యుతాపురంలో గోడౌను తెరుస్తున్నారు. ఒక ఇన్‌ఛార్జి కావాలి. పద్మ గానీ రమేష్ గానీ అని కిరణ్ బాబు చెప్పాడు. ఈ నెలలోనే తేలుస్తాడట.

అన్నాల దగ్గర పద్మ ఆగలేదు. నోట్లో ముద్ద పెట్టుకునే మాటలు.

"నానెల్తానక్కా. బస్సులో రోజూ ఎల్లొత్తాను. కుదరకపోతే అక్కడే రెండు గదులు తీసుకుంటాను. పిల్లకి కాలేజీ కూడా అటేపే."

మంచిదేనన్నాను.

"ఇంకోటక్కా — అక్కడైతే నన్నెవురూ రత్నంగారి సెల్లెలనరు కదా. పద్మగారంటారు."

నవ్వుతూనే అంది. పక్కనున్న ఆడపిల్లలు కూడా నవ్వేరు. నేను పెరుగు కలుపుకున్నాను.

ఫిబ్రవరి 7, శనివారం

బెల్లం రాక బాగుంది. కాళ్లు లాగుతున్నాయి.

రత్నంగారి చెల్లెలు అనిపించుకోవడం అంత బరువా. దాన్ని ఈ కొట్లో పెట్టింది ఎవరు... వాళ్లాయన పోయి మూల కూర్చుంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది...

ఇలాంటివి రాయకూడదు. రాసి కొట్టేస్తే ఇంకా కనిపిస్తుంది. ఉండనీ.

ఫిబ్రవరి 9, సోమవారం

ఈ రోజు ఒక తప్పు జరగబోయి ఆగింది. వివరంగా రాసుకోవాలి.

పదకొండు దాటాక కిరణ్ బాబు తన గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. అచ్యుతాపురానికి ఎవరు నయం అని అడిగాడు. "మీ చెల్లెలని కాదు. ఆఫీసు మనిషిగా చెప్పండి. నోటితో ఇబ్బందైతే యాప్‌లో రాయండి, నేనొక్కణ్నే చూస్తాను. మీ పేరు బయటికి రాదు."

నా బల్ల దగ్గరికి వచ్చి రాశాను. పద్మకి కోపం ఎక్కువని. లారీ డ్రైవర్ల మీద అరుస్తుందని. ఒంటరిగా గోడౌను నడిపే నిదానం ఇంకా రాలేదని. రమేష్ నయమని. చివర్న — "నా చెల్లెలైనా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను" అని.

ఎదురుగా అది ఎవరితోనో ఫోనులో నవ్వుతూ మాట్లాడుతోంది. నా వేళ్లు ఎక్కడా ఆగలేదు. అదే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

అప్పటికి వర్జ్యం నడుస్తోంది. రేటు మాటే చెప్పం, ఒక మనిషి బతుకు మాట ఎలా చెబుతాం. అది దాటిపోయాక వెళ్లేట్టు నాలుగింటికి పెట్టాను. కళ్లు మూసుకుని అమ్మకి దణ్ణం కూడా పెట్టుకున్నాను. నా మనసులో పక్షపాతం లేకుండా చేశావు తల్లీ అని.

మూడింటికి పద్మ నా కుర్చీ పక్కకి వచ్చి నేల మీద గొంతుక్కూర్చుంది. ఇంట్లో ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది, ఆఫీసులో మాత్రం ఈ రోజే.

"అక్కా. కిరణ్ బాబుతో ఓ మాట సెప్పవా. నువ్వు సెబితే కాదనడు."

"ఏమని చెప్పాలి?"

"నీకు తోసిందే సెప్పు. నువ్వు లేనిది సెప్పవని అందరికీ తెలుసు." చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "బయ్యంగా ఉందక్కా. రమేష్ డిగ్రీ సదివేడు."

లేచి వెళ్లిపోయింది. ఏం రాశాను నేను...

ఆ మెసేజ్ తీసేద్దామని చూశాను. కిరణ్ బాబుకి రాసిన చోట అది లేదు. రాసింది రాసినట్టు ఎటు పోయిందో. ఇంకా వెళ్లలేదు కాబట్టి కనిపించదు, కంప్యూటర్ లోపలే ఎక్కడో ఉండి ఉంటుంది. ఎవర్నైనా అడుగుదామంటే మెసేజ్ చూపించాలి. ఎవరికి చూపిస్తాను.

కంప్యూటర్ ఆపేశాను. గోడ దగ్గర స్విచ్చి ఆపేశాను. అదీ చాలదనిపించి ప్లగ్గు కూడా పీకేశాను. తలనొప్పిగా ఉందని చెప్పి నాలుగు కాకముందే బయటపడ్డాను.

నేరుగా గుడికి. ప్రదక్షిణలు చేశాను. నాలుగు దాటింది. అమ్మ నా చేత తప్పు చేయించలేదు. కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

రేపు పొద్దున్నే కిరణ్ బాబు దగ్గరికి వెళ్లి పద్మ పేరు నోటితోనే చెబుతాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

వెళ్లింది.

నేను గదిలో అడుగు పెట్టగానే అన్నాడు — "నిన్న టంచనుగా నాలుగింటికి వచ్చిందండీ. ఫీచర్ బాగుంది. మీరు రాసిందీ బాగుంది. సొంత చెల్లెలి గురించి ఇంత నిజాయితీగా ఎవరు రాస్తారు?"

రమేష్‌నే ఖాయం చేశాడట. నాన్నగారికి కూడా చెప్పేశాడట.

నోరు తెరిచాను. "సరే బాబూ" అన్నాను.

సరే బాబూ అన్నాను.

ఫిబ్రవరి 11, బుధవారం

పద్మకి చెప్పేశారు. కిరణ్ బాబు గదిలోంచి వచ్చి ఫైలు బల్ల మీద పడేసింది. అందరూ తలెత్తేరు.

"కోపమెక్కువట నాకు. లారీవోళ్ల మీద అరుత్తానట. నిదానం లేదట." రమేష్ బల్ల వైపు తిరిగే అంది అదంతా. "ఎవురో రాసిచ్చేరట. నన్ను బాగా ఎరిగినోళ్లే రాసుంటారక్కా. బయటోళ్లకి తెలిసే మాటలు కావు."

రమేష్ లేచి నిలబడ్డాడు. "అమ్మతోడు, నేనేటీ సెప్పలేదండీ పద్మగారూ."

"నీ నోట్లోంచి నా పేరు రానీకు."

నేను అక్కడే ఉన్నాను. బిల్లు మీద సంతకం పెడుతున్నాను. పెన్ను ఆగలేదు.

సాయంత్రం అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. వెన్ను నిమిరాను. ఏ చేత్తో రాశానో ఆ చేత్తోనే.

ఫిబ్రవరి 12, గురువారం

కిరణ్ బాబు అడిగాడు. "రెండు వారాలు కావస్తోంది, కొత్తదాని మీద మీ అభిప్రాయం రాసివ్వండి. నచ్చితే సోమవారంనుంచి అందరికీ."

రాశాను — నమ్మడానికి లేదు. వద్దనుకుని ఆపేసిన మెసేజ్ కూడా వెళ్లిపోయింది. కొట్టుకి పనికిరాదు.

రాస్తుంటే హాయిగా ఉంది. తప్పు నాది కాదన్నట్టు. అదే నేను, వారం కిందట ఇది పనికొస్తుందని రాసి పెట్టుకున్నదాన్ని.

కిరణ్ బాబు కంగారు పడ్డాడు. "రేటు మెసేజ్‌లు ఇలా పోతే కొంప మునుగుతుంది కదండీ!" యాప్ వాళ్లకి ఫిర్యాదు పెట్టాడు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

యాప్ వాళ్ల తరఫున ఒక అమ్మాయి ఫోను చేసింది. మర్యాదగా ఉంది. నా కంప్యూటరు తెర అక్కడినుంచే చూస్తోంది. కిరణ్ బాబు నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"మేడమ్, మీరు ఆపినట్టు ఇక్కడ ఏమీ కనిపించట్లేదండి. ఎలా ఆపారో చెబుతారా?"

"కంప్యూటర్ ఆపేశాను."

నవ్వు ఆపుకుందో ఏమో. "కంప్యూటర్ ఆపినా వెళ్తుందండి. మెసేజ్ మీ మెషిన్లో ఉండదు, మా దగ్గర ఉంటుంది. ఆపాలంటే ఇదిగోండి, ఈ చిన్న గడియారం గుర్తు మీద నొక్కాలి." చూపించింది. నా కళ్లెదుటే ఉంది అన్నాళ్లూ. నొక్కితే వెళ్లవలసినవన్నీ ఒకదాని కింద ఒకటి వస్తాయి. పక్కన "తీసేయి" అని ఉంది. ఒక్క నొక్కు.

కిరణ్ బాబు అడిగాడు. "ఇంతకీ ఏ మెసేజ్ అండీ మీరు వద్దనుకున్నది?"

"రేటుది."

అంత సులువుగా వచ్చేసింది. ఏభై దాటిన దాన్ని.

"పోన్లెండి, మీ తప్పేం లేదు, ముందే నేర్పించాల్సింది" అన్నాడు. ఆ అమ్మాయిదీ తప్పు కాదు. ఎవరిదీ కాదు. అందరూ మంచివాళ్లే.

శుక్రవారం కదా, లలిత చదవడానికి కూర్చున్నాను. నోటికి వచ్చిన నామాలు మధ్యలో తెగిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ తెగాయి. దీపం చూస్తూ ఊరికే కూర్చున్నాను.

ఫిబ్రవరి 14, శనివారం

ఎస్. రాయవరం నుంచి లక్ష్మి ఫోను. పద్మకీ నాకూ మధ్యది. పద్మ అంతా చెప్పినట్టుంది.

"ఆ రమేష్ గాడి సంగతేటో నువ్వు సూడక్కా. నువ్వుండగా మనింటి పిల్లకి ఇలాగవడమేటి? నీ మాటంటే ఆ కొట్లో ఎంత ఇలువ!"

చూస్తానన్నాను.

"ఉపోసం ఉంటన్నావా రేపు?"

ఉంటానన్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం. శివరాత్రి

ఉపవాసం. పొద్దున్న పద్మ కూడా వచ్చింది, ఇద్దరం శివాలయానికి వెళ్లాం. వీధి చివరిదాకా లైను. చేతిలో చెంబు, మారేడు దళాలు. ముందు అది, వెనక నేను.

అభిషేకం అయి పక్కకి వచ్చాక చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. ఇంత భక్తి దానికి ఎప్పుడూ లేదు. నేను కొంచెం సంతోషపడ్డాను కూడా.

మెట్లు దిగుతూ అంది. "ఏటి కోరుకున్నానో అడగవేటి?"

"అడగకూడదు."

"సెప్తాను. నా మీద రాసిన సెయ్యి పడిపోవాలని దణ్ణవెట్టేనక్కా."

"తప్పు పద్మా, అలా కోరుకోకూడదు."

"నీకు తగల్లేదు కాబట్టి అలాగంటావు."

చెంబు కుడిచేతిలో ఉంది. ఎడమచేతికి మార్చుకున్నాను. అది చూడలేదు.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. చేయి చూసుకుంటున్నాను. దానికేమీ కాలేదు. బాగానే రాస్తోంది.

ఫిబ్రవరి 16, సోమవారం

కిరణ్ బాబు గదికి వెళ్లాను. ఈసారి తలుపు నేనే వేశాను.

చెప్పాను. వద్దనుకున్నది రేటు మెసేజ్ కాదని, పద్మ గురించి రాసిందని. యాప్ బాగానే పనిచేస్తోందని. ఆరోజు రాసింది ఆఫీసు మనిషిగా రాయలేదని. కోపంతో రాశానని.

"మీకు కోపమా?" అన్నాడు. నమ్మినట్టు లేదు.

"నాకే."

కుర్చీలో వెనక్కి వాలాడు. కొట్టు మేడ గదిలో ఆడుకునే పిల్లాడిగా ఉన్నప్పుడు నేను పలకమీద అంకెలు దిద్దించిన మనిషి. ఇప్పుడు నన్ను చూస్తున్న చూపు కొత్తది.

"ఆ యాప్ అమ్మాయి ముందు కూడా... నేను మిమ్మల్ని వెనకేసుకొచ్చాను."

"అవును బాబూ."

"రమేష్ అక్కడ ఇల్లు చూసుకున్నాడు. అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. ఇప్పుడు మార్చలేను."

"మార్చమనడం లేదు."

"మరి నాకెందుకు చెబుతున్నారు? చెప్పాల్సింది నాకు కాదు కదండీ."

అది నిజమే. పద్మకి బదులు ఇతనికి చెబితే సగం తీరుతుందనుకున్నట్టున్నాను. తేలిక మెట్టు ముందు ఎక్కాను.

ఫిబ్రవరి 17, మంగళవారం. అమావాస్య

మార్కెట్ సెలవు.

మెసేజ్ రాద్దామా అని ఫోను చేతిలోకి తీసుకున్నాను. సిగ్గేసి పక్కన పెట్టేశాను. చెప్పులు వేసుకుని బయల్దేరాను.

పద్మ వెనక అరుగు మీద ఉంది. పూడిమడక చేపలావిడ తెచ్చిన ఎండు నెత్తళ్లు చేటలో పోసుకుని తలలు తుంచుతోంది, రేపటి కూరకి. పిల్ల ఇంట్లో లేదు.

"రా అక్కా. పీట తెచ్చుకో."

తెచ్చుకోలేదు. నిలబడే చెప్పాను. "పద్మా, కిరణ్ బాబుకి నీ మీద రాసింది నేనే."

దాని చెయ్యి ఆగలేదు. మూడు నాలుగు చేపలు అయ్యాక ఆగింది.

"రమేష్ కాదా?"

"కాదు."

"నువ్వా?"

"నేనే."

చేట దించింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆ వాసన చీరకి పడుతుందని ఎప్పుడూ తుడుచుకోదు.

"నిజమనుకుని రాసేవా, అబద్దమని తెలిసే రాసేవా?"

అమ్మవారు కూడా నన్ను ఇంత సూటిగా అడగలేదు.

"రాసేటప్పుడు నిజమే అనుకున్నాను."

"నానరవకపోతే సాయంత్రానికి లోడెక్కుతాదేటి? నీకు తెల్దా?"

"తెలుసు."

"నువ్వే కదక్కా నేర్పేవు. నోరు లేపోతే ఈ మార్కెట్లో నిలబళ్లేవన్నావు. ఇంటికాడ ఏడుపు ఇంటికాడ ఒగ్గేసి రమ్మన్నావు."

"అన్నాను."

"మరెందుకు రాసేవు?"

చెప్పకుండా ఉండిపోవచ్చు. ఇంతవరకూ అలాగే ఉన్నాను కదా.

"అక్కడైతే నిన్ను నా చెల్లెలనరని అన్నావు."

అది నా ముఖంలోకి చూసింది. "ఓలమ్మా. దానికా?" నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది. "సరదాకి అన్నానక్కా." చేట వైపు చూసింది. "కాదులే. సరదాకి కాదు. నిజంగానే అన్నాను."

కాకి ఒకటి చేట దాకా వచ్చింది. ఇద్దరిలో ఎవరం తోలలేదు.

"శివరాత్రి నాడు నానెట్టిన దణ్ణం ఉంది కదా" అంది చివరికి. "అదెలాగెనక్కి తీసుకోవాలో నీకే తెలియాల. పూజలు సేసేదానివి నువ్వు."

"ఉండనీ. తీసుకోకు."

"మాటలు బాగానే సెప్తావు." లేచింది. చేట ఎత్తుకుంది. "ఎల్లక్కా. పిల్లొచ్చే ఏళయింది. దాని ముందు నాను ఏడవను."

గేటు దగ్గర వెనక్కి చూశాను. తలుపు వేసేసింది. గడియ వేయలేదు, ఊరికే దగ్గరగా వేసింది. ఆ వేయని గడియనే మనసులో పట్టుకుని ఇంటిదాకా నడిచి వచ్చాను.

ఫిబ్రవరి 18, బుధవారం

పద్మ నాకంటే ముందే వచ్చింది. నేరుగా రమేష్ దగ్గరికి వెళ్లి అందరి ముందు అంది. "తప్పు నాది రమేషూ. నిన్ను ఊరికే అనేసేను. మనసులో ఎట్టుకోకు."

"అయ్యో, అదేటండీ... ఎవరో తెలిసిందేటి?"

"తెలిసింది."

"ఎవరండీ?"

"నీకెందుకు. లోడు సంగతి సూడు."

అంతే. నన్ను చూడలేదు, నా పేరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. అందరూ ఒక్కసారి నా వైపు తిరిగి ఉంటే నాకు ఇంతకంటే తేలికగా ఉండేది. పొద్దుటినుంచీ నాకు టీ ఇచ్చే ఆడపిల్ల అదే గౌరవంతో ఇస్తోంది. "రత్నం గారూ, వేడిగా ఉంది, చూసుకోండి" అంటోంది.

ఫిబ్రవరి 19, గురువారం

కిరణ్ బాబుకి అభిప్రాయం మళ్లీ రాసిచ్చాను. పాతది వెనక్కి తీసుకున్నాను.

చెప్పిన టైముకి వెళ్తుంది. కంప్యూటర్ ఆపినా వెళ్తుంది. ఆపాలంటే గడియారం గుర్తు నొక్కాలి, అది అందరికీ ముందే చూపించాలి. రేట్లకీ, లోడు కబుర్లకీ, సెలవులకీ బాగా పనికొస్తుంది. ఒక మనిషి గురించి ఇంకో మనిషి రాసేటప్పుడు దీన్ని వాడకూడదని కొట్లో ఒక మాట అనుకుంటే మంచిది.

ఆఖరి వాక్యం ఉంచాలా వద్దా అని చాలాసేపు చూశాను. నోటితో అయితే నేను నిజం చెప్పేదాన్నా? ఏమో. అయినా ఉంచాను.

కింద ఇంకోటి కలిపాను. 12వ తేదీన నేను రాసింది అబద్ధం అని. సంతకం పెట్టాను.

చదివి సొరుగులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం పద్మ తన క్యారేజీ తీసుకుని ఆడపిల్లల దగ్గర కూర్చుంది. నేను బల్ల దగ్గరే తిన్నాను. వంకాయ కూర. ఉప్పు వేయడం మర్చిపోయాను, సగం తిన్నాక తెలిసింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

గుడికి వెళ్లాను. ఏమీ అడగలేదు. దణ్ణం పెట్టుకున్నాను, అంతే.

మధ్యాహ్నం మళ్లీ పిలుపు. వేసవిలో ఎస్. రాయవరం వైపు చిన్న డిపో పెడతారట. కిరణ్ బాబు తడబడుతూనే అడిగాడు. "పద్మ గారికి ఇద్దామని నాకుంది. ఇప్పుడు చెప్పండి, ఆవిడ చేయగలరా?"

చేయగలదు. నాకంటే బాగా చేయగలదు. మాట పెదాల దాకా వచ్చింది. ఇప్పుడు నేను పొగిడితే అది నా పాపం కడుక్కోవడం కిందికే వస్తుంది. ఇతనికీ అలాగే వినిపిస్తుంది. దానికీ అలాగే తెలుస్తుంది — మళ్లీ అక్క చెబితే వచ్చిందని.

"నన్ను అడక్కండి బాబూ."

"మరెవర్ని అడగమంటారు?"

"దాన్నే పిలిచి అడగండి. ఏం కావాలో, ఎలా నడుపుతుందో. కోపం సంగతి కూడా దాన్నే అడగండి."

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి పద్మని పిలిచారు. నా పక్కనుంచే వెళ్లింది. కొంగు నా బల్ల అంచుకి తగిలింది.

ఆ గదికి అద్దం తలుపు. లోపల మాట వినిపించదు. పద్మ చేతులు తిప్పుతూ చెబుతోంది, లారీవాళ్లతో మాట్లాడేటప్పుడు తిప్పినట్టే. కిరణ్ బాబు పెన్ను పక్కన పెట్టి వింటున్నాడు. పావుగంట అయింది, అరగంట అయింది. నా ముందు బిల్లు అలాగే ఉంది.

ఏదో అడిగాడు. పద్మ తల తిప్పి అద్దంలోంచి ఇటు చూసింది. నా వెనక గోడకి గడియారం ఉంది. అటు చూసిందో, నన్నే చూసిందో...

తల దించుకోకుండా కూర్చున్నాను. అది మళ్లీ అటు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను ఇంటికి బయల్దేరేటప్పటికి ఇంకా లోపలే ఉంది.